సగంలో ఆగిన హాజరు

పోచమ్మ గుడి ముందు నాకోసం కుర్చీ వేసి ఉంచుతారని తెలిసి కూడా ఆ ఆదివారం నేను బోరబండ వెళ్లలేదు. ఆటో దొరకలేదని కొందరికి, ఒంట్లో బాగాలేదని కొందరికి చెప్పాను. రెండూ అబద్ధాలే. "బోరబండ, బోరబండ" అని అరుచుకుంటూ సెవెన్ సీటర్ ఆటో నా ముందే ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి "వస్తవా అన్నా, ఒక్క సీటుంది" అని కూడా అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆటో వెళ్లిపోయింది. ఆ తల ఊపడంతో ఒక పిల్ల చదువు ఆగిపోయింది.

అప్పటికి నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి ఏడాది దాటింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఒక గదిలో మా వైపు కుర్రాడితో కలిసి ఉండేవాణ్ణి. ఎమ్మెస్సీ లెక్కలు చదివాను. పగలు బోరబండలో ఒక చిన్న ప్రైవేటు తెలుగు మీడియం బడిలో పదో తరగతికి లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సాయంత్రం అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేవాణ్ణి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు తేదీలు తెలియకుండా పోతాయని, వాటిని సరిచేయడానికి మనుషులు కావాలని ఊరంతా అదే మాట. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్నారు. పాఠం మధ్యలో పేలుడు వినబడితే బ్లాక్‌బోర్డు అంచున ఉన్న సుద్దపొడి రాలేది. పిల్లలు తల కూడా ఎత్తేవాళ్లు కాదు. వాళ్లలో సగం మంది ఇళ్లలో ఆ బండలు కొట్టేవాళ్లే ఉన్నారు.

నాకు ఆ బడి మీద ఇష్టం లేదు. ఉద్యోగం వచ్చేదాకా నీడకు నిలబడ్డ చోటు అది. పాఠం బాగానే చెప్పేవాణ్ణి. గంట కొట్టగానే పిల్లల ముఖాలు మర్చిపోయేవాణ్ణి.

ఆదివారాలు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకసారి అక్కడ కోబాల్ పుస్తకం కోసం వెతుకుతుంటే ఒక ఇంగ్లీషు కామిక్ దొరికింది. అట్ట మీద నల్లటి ముసుగు, భుజాల నుంచి మడమల దాకా వేలాడే పసుపు వస్త్రం వేసుకున్న వీరుడు. అతని చేతిలో కత్తి లేదు, సుద్దముక్క ఉంది. వెనక బ్లాక్‌బోర్డు. నాకు నవ్వొచ్చి కొన్నాను.

కథ ఇది. ఆ వీరుడు గాల్లో ఎగురుతాడు, ఇనుము వంచుతాడు, మైళ్ల దూరంలో గుసగుసలు కూడా వింటాడు. ఒకనాడు ఒక వంతెన కూలుతుంటే ఆలస్యంగా చేరతాడు. వంతెన నిలబెడతాడు గానీ దాని మీది బస్సు నదిలో పడిపోతుంది. ఆ తర్వాత ముసుగు, వస్త్రం మడిచి పెట్టెలో దాచి, ఒక చిన్న ఊళ్లో బడిపంతులుగా చేరతాడు. అక్కడ ఏదీ చేతకాదు. సుద్దముక్క పట్టుకుంటే వేళ్లలో పొడైపోతుంది. పిల్లలు కాగితపు ఉండలు విసిరితే, వెనక్కి చూడకుండానే పట్టుకోగలడు, అయినా తెలియనట్టు వీపు మీద తగలనివ్వాలి. నెమ్మదిగా నేర్చుకుంటాడు. చివరి పేజీలో ఉదయం, హాజరు పిలుస్తుంటాడు. దూరాన నగరంలో సైరన్ మోగుతుంది. అతనికి ఒక్కడికే వినబడుతుంది. రిజిస్టరు సగంలో ఉంది. తన వంతు వచ్చిందని రెండో వరసలో ఒక పిల్ల సగం లేచి నిలబడింది. అతని ముఖం కిటికీ వైపు తిరిగింది. అక్కడితో ఆ సంచిక అయిపోతుంది.

ఇంగ్లీషు పీరియడ్లో దాన్ని కొంచెం కొంచెంగా చదివి తెలుగులో చెప్పాను. పాఠ్యపుస్తకం తీస్తే ఆవలించే పిల్లలు బల్లల మీదికి ఎక్కి బొమ్మలు చూశారు. వీరుడికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గానీ, వాళ్లు "దుప్పటి సారు" అని పెట్టుకున్నారు. చివరి పేజీ అయిపోయాక గోల మొదలైంది.

"పోతడు సార్, పక్కా పోతడు. ఊరు కాలిపోతాంటె ఈడ ఏబీసీడీలు చెప్పుకుంట కూసుంటడా?"

"పోకపోతె ఇంకో పుస్తకం ఎట్లొస్తదిరా? అంగీ లాగు ఏసుకున్న సారును చూడనీకి పైసలెవడు పెడ్తడు?"

అందరూ నవ్వారు. రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం "పోడు సార్" అంది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. లెక్కలు అంతంత మాత్రం, తెలుగు బాగా రాసేది. తండ్రి రెండేళ్ల క్రితం క్వారీలో బండ కింద పడి చనిపోయాడని ఎవరో చెప్పగా విన్నాను.

"ఎందుకు పోడు?" అన్నాను.

"హాజరు సగమే అయింది గద సార్. ఆ పిల్ల లేసి నిలవడ్డది. దాని పేరు పిల్వకుండ ఎట్ల పోతడు?"

"ఏందే, హాజరు కోసం ఊరు తగలవెట్టుకుంటరా?" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. మళ్లీ నవ్వులు. ఆమె ముఖం ఎర్రబడింది గానీ, "పోడు" అని ఇంకోసారి అని కూర్చుంది.

ఆ రోజు క్లాసు అంతా నా చేతిలో ఉంది. ఆ రుచి నాకు కొత్త. పుస్తకం మూసి అన్నాను: "మీకు కూడా ఏ కష్టమొచ్చినా నాతో చెప్పండి. నాకు దుప్పటి లేదు, అయినా వస్తాను." చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కోసమే ఆ మాట అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మరి కొద్ది రోజులకు బడి వదిలే వేళ ఆ అమ్మాయి వాళ్లమ్మను తీసుకుని గేటు దగ్గర నిలబడి ఉండటం చూసినప్పుడు, ఆ మాట నాకు గుర్తుకు కూడా లేదు.

తల్లి చెప్పులు విడిచి నిలబడింది. "సార్, ఏ కష్టమొచ్చినా చెప్పమన్నరంట. పిల్ల చెప్పింది."

"చెప్పండమ్మా."

"మాదాపూర్ దిక్కు బండ అయిపోవచ్చింది సార్. కంచెలు ఏస్తున్నరు. మా బావ మేస్త్రి. గుంపునంత తెల్లాపూర్ అవతల క్వారీకి తోల్కపోతుండు. పిల్ల పరీచ్చలయ్యే దాక నేను ఈడనే ఉంట, ఇండ్లల్ల పని చేసుకుంట అంటే ఆయన ఒప్పుతలేడు. మొగదిక్కు లేని కొంప, ఎదిగిన పిల్ల, రేపేమన్నయితె నన్నే అంటరు అంటడు. ఐతారం పంచాయితి వెట్టిన్రు."

పంచాయితీలో ఆడమనిషి తన మాట తను చెప్పకూడదు. ఆమె తరఫున ఒక పెద్దమనిషి కూర్చోవాలి. ఆమె తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు. గుంపులో మగవాళ్లంతా మేస్త్రి కింద పనిచేసేవాళ్లే. ఎవరు నోరు విప్పుతారు?

"మా బావ గూడ అన్నడు సార్. బయటి పెద్దమనిషి ఎవరన్న నలుగుట్ల కూసోని పిల్లకు పూచీ పడితె, మార్చి దాక ఇడిసిపెడ్తనన్నడు. మీరొచ్చి ఒక్క మాటంటె చాలు. పిల్ల చదువుకుంటది, నేను చూసుకుంటా, అంతే."

"నేనేం పెద్దమనిషినమ్మా, నాకింకా పెళ్లే కాలేదు."

"చదువు చెప్పెటోళ్లు. మీకంటె పెద్దమనిషెవరు సార్?"

అమ్మాయి వాళ్లమ్మ వెనక నుంచి, "పొద్దుగాలనే రాండ్రి సార్. ఎండ ముదరకముందే అయిపోతది" అంది. నేను వస్తానని మాట ఇచ్చాను. నవ్వుతూ ఇచ్చాను కూడా.

శనివారం నా రూమ్మేటు పేపరు పట్టుకొచ్చాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీ కోబాల్ వచ్చినవాళ్లకు ఆదివారం వాక్‌ఇన్ ఇంటర్వ్యూ పెట్టింది. నేను పంచాయితీ సంగతి చెప్పాను.

"ఏవండీ పెద్దమనిషి గారూ," అన్నాడు వాడు పకపకా నవ్వుతూ, "తమరు తీర్పు చెప్పి వచ్చేసరికి ఉద్యోగాలు అయిపోతాయండి. ముందు ఆ ప్యాంటు ఇస్త్రీ చేయించుకోండి."

"పిల్ల చదువురా."

"నీ చదువు సంగతేంటి? మూడేళ్లు సుద్దముక్కలు అరగదీస్తావా? రెండూ చూసుకో. పొద్దున్నే పరీక్ష రాసెయ్, అక్కణ్ణుంచి బోరబండ ఎంత దూరం?"

నాకు కావలసింది అదే మాట. పంచాయితీలు చెప్పిన వేళకు ఎక్కడ మొదలవుతాయిలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున కంపెనీ ముందు వరస రోడ్డు దాకా ఉంది. పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, పాసైనవాళ్ల పేర్లు కాసేపట్లో చదువుతామని, భోజనాల తర్వాత ఇంటర్వ్యూ అని, వెళ్లిపోయినవాళ్లను మళ్లీ పిలవమని చెప్పాడు. నేను గేటు దాకా వచ్చాను. బోరబండ ఆటో అప్పుడే ఆగింది.

ఆ సమయంలో కామిక్‌లోని బొమ్మ గుర్తొచ్చిందని రాస్తే బాగానే ఉంటుంది. కానీ రాలేదు. గుర్తొచ్చినవి వేరు. గుడి పక్కనే కల్లు కాంపౌండు. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాసన మధ్య, బండలు కొట్టేవాళ్లతో వాదించడం నామోషీ అనిపించింది. నేను రాకపోతే ఇంకెవరినో కూర్చోబెట్టుకుంటారులే అనుకున్నాను. లోపలికి వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాను. నా పేరు చదివారు. సాయంత్రానికి ఉద్యోగం వచ్చింది. రాకపోయి ఉంటే నా తప్పు కొంచెం తేలికయ్యేదేమో.

సోమవారం హాజరు పిలుస్తుంటే ఆమె నంబరు దగ్గర ఎవరూ పలకలేదు. పక్కన కూర్చునే పిల్ల లేచింది. "నిన్న పొద్దుమూకంగ లారెక్కిన్రు సార్. మీరొస్తరని మస్తుసేపు చూసిన్రు."

నేను ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు వేసి తర్వాతి నంబరు పిలిచాను. హాజరు మొత్తం పూర్తి చేశాను.

ఆ వారంలోనే హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచారు. "ఆ పిల్ల రాదంట గద. పేరు కొట్టేస్తున్న. పదో తరగతిల రానోళ్ల పేర్లుంటె మన రిజల్టు ఏంగావాలె?" అన్నారు. వద్దని అనాలి. అనలేదు. రాజీనామా కాగితం నా జేబులోనే ఉంది. ఆ మాట ఎత్తితే ఇది ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదు.

బడిలో నా చివరి రోజున పిల్లలు అడిగారు: "సార్, ఇంతకు దుప్పటి సారు పోయిండా, ఉన్నడా?" తెలియదని చెప్పి వచ్చేశాను.

కొత్త ఉద్యోగంలో చల్లటి గదిలో కూర్చుని ఎవరివో బ్యాంకు ప్రోగ్రాములు సరిచేసేవాణ్ణి. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం పని. నెలలు గడిచాయి. మేము ఇంకాస్త మంచి గదికి మారుతూ సామాను సర్దుతుంటే పెట్టె అడుగున ఆ సంచిక కనబడింది. క్లాసులో చేతులు మారి నలిగి ఉంది. చివరి పేజీ తిప్పాను. సగం లేచి నిలబడ్డ పిల్ల బొమ్మ పక్కన ఎవరో పెన్సిలుతో చిన్న గీత గీశారు. నేను రిజిస్టరులో హాజరు వేసే గీత లాంటిదే. ఎవరు గీశారో నాకు తెలియదు. ఆమే అని నేను అనుకున్నాను.

వచ్చిన ఆదివారం లింగంపల్లి దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి అడుగుతూ నడిచాను. తెల్లాపూర్ దాటాక నేల తెల్లబడింది. గొయ్యి చుట్టూ రాతిపొడి, ప్లాస్టిక్ కవర్లు కప్పిన గుడిసెలు. ఆదివారమైనా లారీ నింపుతున్నారు. ఆడవాళ్లు తట్టలతో కంకర మోస్తున్నారు. వాళ్లలో ఆ అమ్మాయి ఉంది. తలకు గుడ్డ చుట్టుకుంది. కనురెప్పల మీద కూడా పొడి. నన్ను చూసింది, తల వంచుకుంది, తట్ట పారబోసి మళ్లీ గొయ్యి వైపు నడిచింది. బడి యూనిఫాం చొక్కానే పనికి వేసుకుంది.

తల్లి చెట్టు కిందికి వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మీకు కుర్చేసిన్రు సార్. గుడి ముంగట యాపచెట్టు నీడల. నీడ జరుగుతుంటె పిల్ల కుర్చి జరిపింది. మల్ల జరిపింది. సార్ వస్తె ఎండల కూసుంటడా అన్నది. ఆఖరికి నీడే లేకుంట అయింది. ఇగ లెవ్వుండ్రి అన్నరు పెద్దమనుషులు. నేను నోరు తెరవలే. తెరిస్తె ఉన్న ఇజ్జతి గూడ పోయేది."

నేను ఏదో అనబోయేలోగా మేస్త్రి వచ్చాడు. ఆమె బావ. పొడుగ్గా, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉన్నాడు.

"రాండ్రి ఆంధ్ర సారు. ఐతారం ఇయ్యాల వచ్చిందా మీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తప్పయిపోయిందని అన్నాను.

"నేను పిల్లను గుంజుకరాలే. మీరొచ్చి పూచీ అంటే ఇడిసిపెడ్తుంటి. నా తమ్ముని బిడ్డ. చదువుకుంటె నాకు చేదా? కాని మాటిచ్చినోడే రాకపోయె. రేపు ఆ పిల్లకు ఏమన్నయితె నడుమల నిలవడేదెవరు, చెప్పుండ్రి?"

"ఇప్పుడేం చెయ్యాలండి?" అని అడిగాను.

"తీర్పయినంక మల్ల తీర్పుండదు. తప్పు కట్టుండ్రి. మాట తప్పినోడు నలుగుట్ల తప్పు కడ్తెనే మల్ల నోరు తెరవాలె. గదీ మా కట్టుబాటు."

మరుసటి ఆదివారం తప్పు కట్టాను. ఈసారి కుర్చీ వేయలేదు. నేల మీద కూర్చున్నాను. అందరికీ కల్లు పోయించడం ఒక భాగం. అది తేలిక. ఎందుకు రాలేదో నలుగురి ముందూ చెప్పాలి, అది రెండో భాగం. అమ్మాయి, తల్లి ఆడవాళ్లలో దూరంగా నిలబడ్డారు.

"ఆటో..." అని మొదలుపెట్టాను. ఆగిపోయాను. అప్పటికి ఆ అబద్ధం ఎన్నిసార్లు చెప్పానో, నాలుక దానంతటదే అటు పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. "ఆటో వచ్చింది. నేనే ఎక్కలేదు. నౌకరి పరీక్షకు పోయాను. మీ మధ్య కూర్చోవడం నామోషీ అనుకున్నాను కూడా."

ఒక ముసలాయన అడిగాడు: "నౌకరచ్చిందా మరి?"

"వచ్చింది."

"అయితె పిల్ల పాసు గావాల్సింది, నువ్వు పాసైనవ్."

ఎవరూ నవ్వలేదు. నాకు ఆ మాట ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినబడుతుంది.

తర్వాత నాకు మాట్లాడే హక్కు వచ్చింది. పిల్లను వచ్చే ఏడాది ప్రైవేటుగా పరీక్షకు కట్టిద్దామని, ఆదివారాలు నేనే వచ్చి చెబుతానని అన్నాను. మేస్త్రి కల్లు సీసా కింద పెట్టి, "పని బందు గాదు. పని అయినంక చెప్పుకో. వస్తె రా, రాకుంటె నీ ఇష్టం. ఈసారి కుర్చేసి ఎవరు చూడరు" అన్నాడు. అదే ఒప్పుదల.

అలా మొదలైంది. ఆమె నాతో పెద్దగా మాట్లాడేది కాదు. పుస్తకం మా ఇద్దరి మధ్య రాతి మీద పెట్టుకుని కూర్చునేవాళ్లం. మొదటిరోజు పెన్సిలు ఇస్తే రాయలేకపోయింది. వేళ్లు కాయలు కాచి బిగుసుకున్నాయి. నొక్కితే మొన విరుగుతోంది. మళ్లీ చెక్కాను. మళ్లీ విరిగింది. ఆమె విరిగిన మొనను చూసి, నన్ను చూడకుండా, "నాకు గూడ దుప్పటి సారు బలం వచ్చింది సార్" అంది. నేను నవ్వలేకపోయాను. ఆమె నవ్వింది, కొంచెం.

అన్ని ఆదివారాలూ వెళ్లానని రాయలేను. సంవత్సరం మారే రోజు దగ్గరపడుతుంటే ఆఫీసులో ఆదివారాలు కూడా రమ్మనేవారు. నేను ఆఫీసుకే వెళ్లాను. ముందుగా కబురు చెప్పే దారి లేదు. మరుసటి వారం వెళ్తే, ఎందుకు రాలేదని ఆమె అడిగేది కాదు. పోయిన వారం చేయమన్న లెక్కలు ముందుకు తోసేది. ఆమె అడగకపోవడమే నాకు పెద్ద శిక్ష. ఒక్కసారి మాట తప్పినవాడు రెండోసారి తప్పితే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ కామిక్ తర్వాతి సంచిక నా రూమ్మేటుకు అబిడ్స్‌లో దొరికింది. వాడు దాన్ని నా మంచం మీద పడేసి, "ఇదిగో నీ పెద్దమనిషి" అన్నాడు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు. నేను ముందు చదవకుండా క్వారీకి పట్టుకెళ్లాను. ఆమె చేతులు చొక్కాకు తుడుచుకుని పేజీలు తిప్పింది. మొదటి పేజీలోనే అతను నగరం మీద ఎగురుతున్నాడు. మంటలు, కూలే మేడలు, ఒక ఇనుప రాక్షసుడు. ఆమె చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"బడి ఏది సార్?"

లేదు. ఒక్క బొమ్మలో కూడా బడి లేదు. ఆ పిల్లలు లేరు. అతను పంతులుగా ఉన్నాడని ఒక్క మాట కూడా లేదు.

"బొమ్మలేసినోడు మర్చిపోయిండా?"

"వెళ్లిపోయాడమ్మా," అన్నాను. "హాజరు వదిలేసి."

"ఊరును కాపాడిండా మరి?"

"కాపాడాడు."

ఆమె కాసేపు అట్ట వైపు చూసింది. "మంచిదే" అని పుస్తకం నాకిచ్చింది. "లెక్కలు చెప్పుండ్రి సార్."

మార్చిలో పరీక్ష రాసింది. లింగంపల్లిలో సెంటరు. నేను సెలవు పెట్టి అన్ని రోజులూ బయట నిలబడ్డాను. ఫలితాలు వచ్చాయి. తెలుగు, హిందీ, సైన్సు, సోషలు, చివరికి ఇంగ్లీషు కూడా పాసైంది. లెక్కలు తప్పింది. నా సబ్జెక్టు. నేను వెళ్లని ఆదివారాల్లో చెప్పాల్సిన అధ్యాయాలు ఏవో నాకు తెలుసు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే తల్లి ఎదురొచ్చింది. "పోనీయ్ సార్. మీరు తప్పు కట్టిన్రు, తిరిగిన్రు. ఇగ రాకుండ్రి. అది చదవనంటుంది. ఊకె ఆశపెట్టొద్దు దానికి." అమ్మాయి గుడిసె లోపలే ఉంది. బయటికి రాలేదు.

నేను మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఎప్పుడూ కూర్చునే రాయి మీద, తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. ఆమె పని మీద అటూ ఇటూ వెళ్లింది, నా వైపు చూడలేదు. నీడ జరిగింది. కుర్చీ అయితే జరుపుకోవచ్చు, రాతిని జరపలేను. ఎండ తలమీదికి వచ్చింది. లారీ నిండి వెళ్లిపోయాక నేనూ లేచి వచ్చేశాను. ఆ తర్వాతి వారమూ అంతే.

మేస్త్రి ఒకసారి ఆగాడు. "ఏంది సారు, ఎవనికోసం?"

"పిల్లకు పూచీ పడ్డాను కదండి."

"ఎవడడిగిండు?"

"ఇప్పుడెవరూ అడగలేదు."

"జర తలకు గుడ్డన్న చుట్టుకోండ్రి. పడిపోతె మల్ల మేమే మొయ్యాలె" అని వెళ్లిపోయాడు.

ఆఫీసులో ఆదివారం పనికి రానని రాసిచ్చాను. దానివల్ల నాకు రావలసిన ప్రమోషన్ ఒకటి రాలేదు. దాన్ని ఇక్కడ లెక్కపెట్టుకోను. ఆదివారాలు వెళ్లడం మానలేదు. లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చోవడం, ఎండలో కాసేపు ఉండటం, వచ్చేయడం. ఏం సాధిద్దామని అని రూమ్మేటు అడిగాడు. నాకు తెలియదు. వాళ్లు నాకోసం ఎంతసేపు చూశారో, అంతసేపైనా నేను చూడాలి అనిపించింది.

వానలు మొదలవబోయే రోజుల్లో ఒక ఆదివారం, నీడ నా మీంచి తొలగిపోయాక, వెనక అడుగుల చప్పుడు వినబడింది. ఆమె ఖాళీ తట్ట తెచ్చి చెట్టుకు అవతలి పక్క, నీడలో బోర్లించింది.

"ఈడ కూసోండ్రి సార్. ఎండ."

లేచి దాని మీద కూర్చున్నాను. ఆమె కూర్చోలేదు. పుస్తకం వైపు చూస్తూ చేతులు కట్టుకుని నిలబడింది. సప్లిమెంటరీకి కట్టే గడువు ఇంకా ఉందని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ముందు హాజరు పిలిచాను. ఒకే పేరు. ఆమె వెంటనే పలకలేదు. నేను పుస్తకం తెరవకుండా ఆగాను.